నాన్నగారి వీలునామా అమలు బాధ్యత నాది, అన్నయ్య ఒప్పుకోవడం లేదు

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ గుర్తుపట్టే వివరాలూ తీసివేసి సారాంశం ఇస్తున్నాను. ఆమె తండ్రి ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యారు. కొన్ని నెలల కిందట కన్నుమూశారు. తల్లి ఉన్నారు. అన్నయ్య హైదరాబాదులో, అక్కయ్య ఒంగోలులో ఉంటారు. ఈమె తల్లిదండ్రులకు దగ్గరగా గుంటూరులోనే ఉంటూ ఇద్దరినీ చూసుకున్నారు. నాలుగేళ్ల కిందట తండ్రి వీలునామా రాశారు. బ్రాడీపేటలో తాను కొన్న ఇంట్లో భార్య జీవితాంతం ఉండాలని, ఆ తరువాత అది చిన్న కూతురికి చెందాలని, ప్రత్తిపాడు వైపు ఉన్న నాలుగెకరాల మిర్చి భూమి కొడుకుకూ పెద్ద కూతురికీ చెరిసగం రావాలని, బ్యాంకు డిపాజిట్లు పిల్లలు ముగ్గురూ సమానంగా పంచుకోవాలని అందులో ఉంది. దానిని అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా చిన్న కూతురినే నియమించారు.

వీలునామా రిజిస్టరు కాలేదు. తండ్రి చెబుతుంటే తానే టైపు చేశానని ఆమె రాశారు. సాక్షి సంతకాలు చేసిన ఇద్దరిలో ఒకరు చనిపోయారు. రెండోవారు తెనాలిలో ఉంటున్న ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. ఆయనకు ఎనభై దాటాయి. అన్నయ్య మూడు అభ్యంతరాలు చెబుతున్నారు. రిజిస్టరు కాని కాగితం చెల్లదట, భూమి తాతగారిది కాబట్టి దాని మీద వీలునామా రాసే హక్కు నాన్నగారికి లేదట, డిపాజిట్లకు తానే నామినీ కాబట్టి ఆ డబ్బు తనదేనట. ఈలోగా కోల్డ్ స్టోరేజీలో నాన్నగారి పేరున ఉన్న మిర్చి టిక్కీల (బస్తాల) మీద తీసుకున్న బ్యాంకు అప్పుకు వడ్డీ పెరుగుతోంది, అద్దె పడుతోంది. తహసీల్దారు కార్యాలయంలో అందరి సంతకాలు తెమ్మన్నారు. ప్రొబేట్ లేనిదే ఏదీ కదలదని ఒక బంధువు, అసలు అవసరమే లేదని ఒక వకీలు చెప్పారు. ఎవరి మాట వినాలి, ఈ బాధ్యత వదులుకోవచ్చా, కోర్టుకు వెళ్లవద్దంటున్న అమ్మకు ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ అన్నయ్య అభ్యంతరాలు కావు. మీరు ప్రతి వాక్యంలోనూ రెండు హోదాలు కలిపి మాట్లాడుతున్నారు. ఒకచోట మీరు నాన్నగారి కోరిక నెరవేర్చవలసిన ఎగ్జిక్యూటర్, మరుక్షణంలో ఇల్లు రావలసిన కూతురు. చట్టం ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తుంది. ఎగ్జిక్యూటర్ ఆస్తికి యజమాని కాదు, అన్నదమ్ముల తగవు తీర్చే పెద్దమనిషీ కాదు. చనిపోయినవారి తరఫున ఆస్తిని కాపాడి, అప్పులు తీర్చి, మిగిలినది రాసిన ప్రకారం అప్పగించి, లెక్క చెప్పవలసిన వ్యక్తి. ఏ నిర్ణయం తీసుకునేటప్పుడైనా అది ఎగ్జిక్యూటర్‌గా తీసుకుంటున్నదా, మీ వాటా కోసం తీసుకుంటున్నదా అని ముందు ప్రశ్నించుకోండి. మీకు కావలసిన న్యాయ సహాయం ఏ రకమైనదో కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా ప్రొబేట్ సంగతి. వీలునామా నిజమైనదేనని, దాని ప్రకారం వ్యవహరించే అధికారం ఫలానా ఎగ్జిక్యూటర్‌కు ఉందని కోర్టు ముద్ర వేసి ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. హిందువుల వీలునామాలకు దీనిని తప్పనిసరి చేసిన 213వ సెక్షన్, 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, మద్రాసు, బొంబాయి నగరాలకూ పాత బెంగాల్ ప్రాంతానికీ సంబంధించిన వీలునామాలకూ అక్కడి స్థిరాస్తులకూ మాత్రమే వర్తించేది. గుంటూరులో ఒక హిందువు రాసి, ఆస్తులన్నీ ఇక్కడే ఉన్న వీలునామాకు అది ఎన్నడూ వర్తించలేదు. పైగా 2025 చివర పార్లమెంటు ఆ సెక్షన్‌నే తొలగించింది. కాబట్టి తప్పనిసరి కాదన్న వకీలు మాట నిజం. అయితే తప్పనిసరి కాకపోవడం వేరు, ఉపయోగం లేకపోవడం వేరు. కుటుంబంలో ఒకరు వీలునామానే కాదంటున్నప్పుడు, ఏదో ఒక కోర్టులో ఏదో ఒకనాడు దానిని రుజువు చేయవలసే వస్తుంది. ఆ పని మీరుగా ఇప్పుడు చేస్తారా, ఎవరో దావా వేసినప్పుడు చేస్తారా అన్నదే మీ ముందున్న అసలు ప్రశ్న.

రిజిస్టరు కాలేదన్న అభ్యంతరంలో బలం లేదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. రాసినవారు సంతకం చేయడం, కనీసం ఇద్దరు సాక్షులు ఆయన సంతకం చేయగా చూసి, లేదా ఇది నా సంతకమేనని ఆయన చెప్పగా విని, ఆయన ఎదుట తామూ సంతకాలు చేయడం ముఖ్యం. రుజువు చేసేటప్పుడు, సాక్షులలో జీవించి ఉన్న ఒక్కరినైనా కోర్టులో విచారించాలని సాక్ష్య చట్టం చెబుతోంది. పాత చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమంలో 67వ సెక్షన్ అయింది. అంటే మీ కేసు మొత్తం తెనాలిలోని ఆ ప్రధానోపాధ్యాయుడి జ్ఞాపకం మీద నిలిచి ఉంది. ఆయన తన సంతకం గురించి చెప్పడం ఒక్కటే చాలదు. చనిపోయిన ఆ మరో సాక్షి కూడా మీ నాన్నగారి ఎదుటే సంతకం చేశారని ఆయన నోటి నుంచి రావాలి. అఫిడవిట్ రాయించి దాచుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. అభ్యంతరం ఉన్న కేసులో అది కోర్టులో ఇచ్చే సాక్ష్యానికి బదులు కాదు. మిగిలిన పనులన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు గాని ఇది ఆగదు. కోర్టుకు వెళ్లే ఏ మార్గం ఎంచుకున్నా, సాక్షి వయసు కారణంగా ఆయనను ముందుగానే విచారించమనీ, రాలేని పరిస్థితి ఉంటే కమిషనర్‌ను ఇంటికి పంపి వాంగ్మూలం తీసుకొమ్మనీ కోర్టును అడిగే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. మీ వకీలుతో మొదటి సమావేశంలోనే ఈ మాట ఎత్తండి.

వీలునామాను మీరే టైపు చేశారన్న విషయం మాత్రం తేలికగా తీసుకోవద్దు. వీలునామా తయారీలో ముఖ్య పాత్ర వహించిన వ్యక్తికే దాని వల్ల పెద్ద లాభం కలిగితే అది అనుమానానికి తావిచ్చే పరిస్థితి అని, ఆ అనుమానాన్ని తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేటికీ కోర్టులు ఆ తీర్పునే అనుసరిస్తున్నాయి. మీరు తప్పు చేశారని దీని అర్థం కాదు. చాలా ఇళ్లలో దగ్గరున్న కూతురే ఇటువంటి పని చేసిపెడుతుంది. అయితే దాచిపెడితే మాత్రం నష్టపోతారు. వకీలుకు మొదటిరోజే చెప్పండి. ఆ ఏడాది నాన్నగారు స్వయంగా ఇచ్చిన పింఛను జీవన ప్రమాణ పత్రం, బ్యాంకులో చేసిన సంతకాలు, వైద్యుడి చీటీలు, ఆయన చేతిరాతలోని డైరీ లేదా ఉత్తరాలు దొరికితే సేకరించండి. ఆయన మనసు, చేయి రెండూ స్థిరంగా ఉన్నాయని అవి చెబుతాయి. ముసాయిదాలో ఆయన చేత్తో దిద్దిన కాగితం ఏదైనా మిగిలి ఉంటే అంతకన్నా విలువైన ఆధారం లేదు.

ఇక భూమి. మీ అన్నయ్య తన లెక్క తాను పూర్తిగా చూసుకోలేదని నాకు అనిపిస్తోంది. తాతగారి నుంచి వచ్చిందంత మాత్రాన భూమి పిత్రార్జితం కాదు. అది తాతగారి స్వార్జితమై, 1956 తరువాత ఆయన వీలునామా లేకుండా చనిపోగా వారసత్వంగా మీ నాన్నగారికి వచ్చి ఉంటే, అది నాన్నగారి సొంత ఆస్తే. ఇష్టం వచ్చినవారికి రాయవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిని పంచుకున్నప్పుడు ఆయన వాటాకు వచ్చి ఉంటే, అప్పుడు అది పిల్లలతో కూడిన ఉమ్మడి ఆస్తి అవుతుంది. తేడా తెలియాలంటే పాత పంపకాల దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ధ్రువపత్రం), పాత అడంగళ్లు (గ్రామ భూమి రికార్డులు) తీయించాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకళ్లు దొరుకుతాయి.

ఒకవేళ పిత్రార్జితమే అనుకుందాం. ఆడపిల్లలకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. అప్పటికే పెళ్లయినవారికి ఆ సవరణ వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డునూ తీసేసింది. పుట్టుకతోనే కూతురికి హక్కు వస్తుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి నాలుగెకరాలలో నాన్నగారికి, అన్నయ్యకు, అక్కయ్యకు, మీకు తలా ఒక ఎకరం. వీలునామా నాన్నగారి ఎకరానికి మాత్రమే వర్తించి, అది అన్నయ్యకూ అక్కయ్యకూ అరెకరం చొప్పున వెళ్తుంది. అప్పుడు అన్నయ్యకు ఒకటిన్నర, అక్కయ్యకు ఒకటిన్నర, మీకు ఒక ఎకరం. వీలునామాను యథాతథంగా ఒప్పుకుంటే అన్నయ్యకు రెండెకరాలు. పిత్రార్జితం అన్న వాదన నెగ్గితే ఆయనే అరెకరం పోగొట్టుకుంటారు.

వీలునామానే చెల్లదని తేలితే నాన్నగారి సొంత ఆస్తి మొత్తం అమ్మగారికి, మీ ముగ్గురికి నాలుగు సమాన భాగాలు. ఇంటిలో అన్నయ్యకు నాలుగో వంతు వస్తుంది, అది నిజం. దానికి బదులు డిపాజిట్లలో మూడో వంతు నాలుగో వంతవుతుంది, భూమి సొంతదే అయితే రెండెకరాలు ఒకటవుతుంది. ఈ లెక్కను ఒక కాగితం మీద వేసి, ఏ వ్యాఖ్యానమూ రాయకుండా, అన్నయ్యకూ అక్కయ్యకూ ఒకేసారి పంపండి. దావా వేస్తానని బెదిరించడంకన్నా ఇది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇక్కడే మీ రెండు హోదాలు ఢీకొంటాయి. భూమి పిత్రార్జితమైతే కూతురిగా మీకు ఎకరం లాభం, వీలునామా ప్రకారమైతే భూమిలో మీకు ఏమీ లేదు. ఎగ్జిక్యూటర్‌గా మీరు వీలునామాను నిలబెట్టవలసినవారు. పైగా ఒకే వీలునామా కింద ఇల్లు తీసుకుంటూ, అదే వీలునామాకు విరుద్ధంగా భూమిలో వాటా కోరితే, రెండింటిలో ఒకటి ఎంచుకోమనే న్యాయసూత్రం అడ్డు రావచ్చు. ఆ ఎకరాన్ని మీరు కోరదలిస్తే దానికి వేరే వకీలు సలహా తీసుకోండి. ఎస్టేట్ (నాన్నగారు వదిలివెళ్లిన ఆస్తులు, అప్పులు) పని చూసే వకీలు చేతనే మీ సొంత వాటా వాదన కూడా చేయించవద్దు.

నామినీ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ డబ్బు మీద అసలు హక్కు మాత్రం వారసులదీ వీలునామా లబ్ధిదారులదీ. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది. అయితే కోర్టు ఉత్తర్వు లేనిదే బ్యాంకు నామినీకి చెల్లింపు ఆపకపోవచ్చు. అందుకని డిపాజిట్ల వివరాలు, వీలునామా నకలు జతచేసి బ్యాంకుకూ అన్నయ్యకూ స్పీడ్ పోస్టులో తెలియజేయండి. ఆయన తీసుకున్నా అందరి తరఫున తీసుకున్నట్టేనని అందులో మర్యాదగా రాయండి.

మిర్చి సంగతి వెంటనే చూడాలి. టిక్కీలు ఎంతకాలం ఉంటే రంగు అంత తగ్గుతుంది, వడ్డీ, అద్దె పెరుగుతాయి. ఎస్టేట్‌ను నష్టపోనివ్వకుండా కాపాడటం ఎగ్జిక్యూటర్ విధి. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఎగ్జిక్యూటరే బాధ్యత వహించవలసి రావచ్చు. అప్పు ఇచ్చిన బ్యాంకుతో రాతపూర్వకంగా మాట్లాడి, కోల్డ్ స్టోరేజీ రసీదుల ప్రకారం సరుకు ఎంత ఉందో చూసుకొని, అమ్మదలచిన తేదీని, యార్డులో ఆ రోజుల ధరను అన్నయ్యకూ అక్కయ్యకూ ముందుగా తెలియజేసి అమ్మించండి. తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), కమీషన్ ఏజెంటు లెక్క, హమాలీ ఖర్చు అన్నీ దాచండి. బ్యాంకు అప్పు తీరగా మిగిలిన డబ్బు మీ సొంత ఖాతాలో ఒక్క రోజు కూడా ఉంచవద్దు. వేరే ఖాతా తెరవండి. మీరుగాని మీ భర్తగాని ఆ సరుకును కొనవద్దు. ఎగ్జిక్యూటర్ ఎస్టేట్ ఆస్తిని తానే కొంటే, ప్రత్యక్షంగానైనా పరోక్షంగానైనా, సంబంధమున్న ఎవరైనా ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. చెల్లింపుల వరుస కూడా చట్టంలోనే ఉంది. అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్య ఖర్చు ముందు. ఆ తరువాత ప్రొబేట్, అవసరమైన కోర్టు ఖర్చులు. తరువాత ఇతర అప్పులు. అవన్నీ తీరాకే లబ్ధిదారుల వాటాలు. న్యాయవాది ఫీజును మీ నగలు తాకట్టు పెట్టి కడుతున్నానని రాశారు. ఎస్టేట్ పనికి అయ్యే న్యాయమైన ఖర్చు ఎస్టేట్ నుంచే రావాలి. రసీదులు ఉంచుకోండి, తిరిగి తీసుకోండి.

ఇప్పుడు మార్గాలు. మొదటిది, ప్రొబేట్ లేకుండా నడవడం. చనిపోయిన తరువాత కూడా వీలునామాను ఎగ్జిక్యూటర్ రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చు. దానికి కాలపరిమితి లేదు. సబ్ రిజిస్ట్రారు సాక్షిని విచారించి, తృప్తిపడితే రిజిస్టరు చేస్తారు. మాష్టారి మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడానికి ఇది త్వరగా అయ్యే దారి. కాని రిజిస్ట్రేషన్‌తో వివాదం ముగియదు. భూమి మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులలో పేరు మార్పు) దగ్గర అన్నయ్య అభ్యంతరం రాసిస్తే, తహసీల్దారు హక్కుల తగవు తీర్చలేక సివిల్ కోర్టుకు వెళ్లమంటారు. ఇంటి విషయంలో మాత్రం అమ్మగారు అక్కడే ఉన్నారు కాబట్టి ఇప్పుడు కదిలించవలసిన అవసరమే లేదు.

రెండోది, గుంటూరు జిల్లా కోర్టులో ప్రొబేట్ పిటిషన్. దగ్గరి బంధువులకు నోటీసులు వెళ్తాయి, పత్రికలో ప్రకటన వస్తుంది. ఎవరూ అడ్డు చెప్పకపోతే పని సాఫీగా సాగుతుంది. అన్నయ్య అభ్యంతరం వేస్తే అది దావాలాగే నడుస్తుంది, సంవత్సరాలు పట్టవచ్చు. కోర్టు ఫీజు ఆస్తి విలువను బట్టి ఉంటుంది. ముందే లెక్క వేయించుకోండి. గెలిస్తే ఆ తీర్పు లోకమంతటికీ వర్తిస్తుంది, వీలునామా నిజమా కాదా అన్న ప్రశ్న మళ్లీ ఎవరూ లేవనెత్తలేరు. కాని భూమి పిత్రార్జితమా కాదా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు, దానికి వేరే దావా కావాలి. ప్రొబేట్ వచ్చాక ఆరు నెలలలో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. ప్రొబేట్ పిటిషన్లకు కూడా మూడేళ్ల గడువు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఆ గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది వాదనకు తావున్న విషయం కాబట్టి, జాగ్రత్త కోసం నాన్నగారు పోయిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

మూడోది, కుటుంబ పరిష్కారం. అమ్మగారు కోరుతున్నదీ ఇదే. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, దావా వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ అందరూ ఒప్పుకొని సంతకాలు చేస్తే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం అలా కాదు. స్థిరాస్తిలో హక్కు కల్పించే కాగితం రిజిస్టరు కావాలి, లేకపోతే రేపు పనికిరాదు. ఈ మార్గంలో మీ ఇంటి హక్కులో కొంత వదులుకోవలసి రావచ్చు. ఎగ్జిక్యూటర్‌గా మీరు ఇతరుల వాటా తగ్గించలేరు, మీ సొంత వాటాలో మీరు ఎంతైనా ఇవ్వవచ్చు. ఎంత ఇవ్వాలన్నది నేను చెప్పగలిగింది కాదు.

నాలుగోది, తప్పుకోవడం. ఎగ్జిక్యూటర్‌గా ఉండనని రాతపూర్వకంగానో న్యాయమూర్తి ఎదుటో చెప్పవచ్చు. అప్పుడు వీలునామా రద్దు కాదు. కాని ఎగ్జిక్యూటర్‌గా వ్యవహరించనన్నవారికి అదే వీలునామాలో రాసిన ఆస్తి రాకుండా పోయే ప్రమాదం వారసత్వ చట్టంలో ఉంది కాబట్టి, ఇంటి సంగతి ముందే వకీలును అడగండి. లబ్ధిదారులలో ఒకరు, ఉదాహరణకు మీ అక్కయ్య, వీలునామా జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఎగ్జిక్యూటర్ లేనప్పుడు ఆస్తి వ్యవహారాలు చూసే అధికారాన్ని కోర్టు ఇచ్చే పత్రం) కోరవచ్చు. మీరు టైపు చేశారన్న అనుమానం ఉన్న ఈ కేసులో, అక్కయ్య ముందుండటం వల్ల కొంత మేలు కూడా ఉంది. కాని ఎగ్జిక్యూటర్ హోదాలో సరుకు అమ్మి, అప్పు తీర్చి, ఆ తరువాత వద్దనడం కష్టం. వదులుకోవాలనుకుంటే మిర్చి అమ్మకం కంటే ముందే వకీలును అడిగి తేల్చుకోండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేనైతే ఇప్పుడే వదులుకోను. లోక్ అదాలత్ దరఖాస్తు, ప్రొబేట్ పిటిషన్ తయారీ రెండూ ఒకేసారి మొదలుపెడతాను. పిటిషన్ వేయడం అన్నయ్య మీద యుద్ధం కాదని, వృద్ధుడైన సాక్షి మాట నమోదు చేయించడం కోసమని అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. రాజీ కుదిరితే ఆ కోర్టులోనే దానిని నమోదు చేయించి ముగించుకోవచ్చు.

అమ్మగారి గురించి ఒక్క మాట. ఆమెకు ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు మాత్రమే రాశారు. భార్యకు పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో, మన రాష్ట్రం నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామా ద్వారా ఇచ్చిన జీవితకాలపు హక్కుకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో తరువాతి తీర్పులు ఒకే దారిలో లేవు. మీ ఇల్లు ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఆమెకు సలహా చెప్పే మనిషి మీరు కాకూడదు. న్యాయసేవాధికార చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి గాని, సంస్థ కార్యాలయానికి వెళ్లి గాని ఆమె తన తరఫున ఒక వకీలును అడగవచ్చు. మీరు కూడా అక్కడ అర్హులే.

వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు వీలునామా అసలు ప్రతిని చూపించండి గాని అప్పగించవద్దు. కోర్టులో దాఖలు చేసే రోజు వరకు అది బ్యాంకు లాకరులోనే ఉండాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు, భూమి పాసు పుస్తకం, డిపాజిట్ రసీదులు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, అప్పు కాగితాలు, నాన్నగారి ఆదాయపు పన్ను రిటర్నులు తీసుకువెళ్లండి. చనిపోయిన రోజు వరకు ఆయన పేరున ఒక రిటర్ను, ఆ తరువాతి ఆదాయానికి ఎస్టేట్ తరఫున మరొకటి వేయవలసి ఉంటుంది. ఫీజు ఎంత, అందులో ఏ పనులు వస్తాయి, అభ్యంతరం వస్తే అదనంగా ఎంత అన్నది రాసి ఇవ్వమనండి. వారసత్వ కేసులు నడిపిన అనుభవం ఉన్న వకీలు ఈ మూడు ప్రశ్నలకూ ఇబ్బంది పడరు.